పక్కింటి అట్టపెట్టెలు: 1942 నాటి కొలరాడో రాజకీయాలు, స్కానర్ పక్కన రాసుకున్న డైరీ

అక్టోబరు మొదట్లో

పెట్టెలు రెండు. ఒకదాంట్లో ఉత్తరాలు, రెండోదాంట్లో ఫొటోలు, వాటి అడుగున ఒక కవరు నిండా నెగెటివ్‌లు. మా పక్కింటి పెద్దావిడ తండ్రిగారివి ఇవన్నీ. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆయన కొలరాడో తూర్పు వైపు, ఆర్కన్సా నది వెంబడి ఉన్న ఒక కౌంటీలో రిపబ్లికన్ పార్టీ కార్యదర్శి. పగలు ధాన్యం వ్యాపారం, రాత్రి పార్టీ ఉత్తరాలు. వచ్చిన ప్రతి ఉత్తరం దాచాడు, తను రాసిన ప్రతి ఉత్తరానికీ కార్బన్ కాపీ దాచాడు. ఈ రెండో అలవాటు వల్లే ఈ పని మొదలుపెట్టాను. సాధారణంగా ఇలాంటి పెట్టెల్లో అవతలివాళ్ళ మాటలే మిగులుతాయి, ఇక్కడ ప్రశ్న, జవాబు రెండూ ఉన్నాయి.

ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే. ఇంకా ఆ ఊళ్ళో ఉంటున్న కుటుంబాల పేర్లు బయటికి రాకూడదు. సరేనన్నాను. అందుకే ఇక్కడ కౌంటీ పేరు కూడా రాయడం లేదు.

ముందుగా ఏం ముట్టుకోకుండా, పెట్టె తెరిచినప్పుడు ఎలా ఉందో అలాగే పైనుంచి ఫొటోలు తీశాను, ప్రతి కట్టకీ విడిగా. ఏ కాగితం ఏ కాగితం పక్కన ఉందన్నది కూడా సమాచారమే. తేదీల వారీగా సర్దేయాలని చెయ్యి దురద పెడుతుంది కానీ ఆయన సర్దుకున్న పద్ధతి వేరు. చక్కెరదుంపల గొడవ ఒక కట్ట, టైర్ల కోటా ఒక కట్ట, "డెన్వర్" అని పెన్సిల్‌తో రాసిన కట్ట ఒకటి. గవర్నర్ ఆఫీసుతో నడిచిన వ్యవహారమంతా ఈ మూడో దాంట్లో ఉంది.

గుండుసూదులు, క్లిప్పులు తుప్పుపట్టి కాగితానికి అతుక్కుపోయాయి. లాగితే చిరిగిపోతుంది. క్లిప్పుకీ కాగితానికీ మధ్య సన్నని ప్లాస్టిక్ ముక్క దూర్చి, క్లిప్పు కాళ్ళు మెల్లగా విప్పి తీయాలి. విసుగు పని. తుప్పు మరక మాత్రం అలాగే ఉంచుతున్నాను, ఏ రెండు కాగితాలు జతగా ఉండేవో చెప్పేది ఆ మరకే.

అక్టోబరు చివర్లో

చదవబోయే ముందు అప్పటి రాజకీయం తెలియాలి, లేకపోతే సగం ఉత్తరాలు అర్థం కావు. నాకు తెలిసినంత వరకు ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

అప్పటి గవర్నర్ రాల్ఫ్ కార్. 1887లో రోజిటా అనే గని ఊళ్ళో పుట్టాడు, లాయరు, మధ్యలో చిన్న పత్రికలు నడిపాడు. 1938లో గవర్నర్‌గా గెలిచాడు, 1940లో మళ్ళీ గెలిచాడు. అప్పట్లో కొలరాడో గవర్నరు పదవీకాలం రెండేళ్ళే, అంటే కుర్చీలో సర్దుకుని కూర్చునేలోపే మళ్ళీ ఎన్నికలు. ఈ కార్యదర్శి గారి ఉత్తరాల్లో ఏడాది పొడవునా ఎన్నికల టెన్షనే ఎందుకుందో దీనితో తెలిసింది.

1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాని పర్యవసానంగా పశ్చిమ తీరంలో ఉన్న జపాన్ మూలాల వాళ్ళని, దాదాపు 1,20,000 మందిని, ఇళ్ళు ఖాళీ చేయించి లోపలి రాష్ట్రాల శిబిరాలకి తరలించారు. వాళ్ళలో మూడింట రెండొంతుల మంది అమెరికాలో పుట్టిన పౌరులే. ఎక్కడికి తరలించాలన్న ప్రశ్న వచ్చేసరికి లోపలి రాష్ట్రాల గవర్నర్లు ససేమిరా అన్నారు. ఏప్రిల్ 7న సాల్ట్ లేక్ సిటీలో సమావేశం. కేంద్రం తరఫున వచ్చినవాడు మిల్టన్ ఐసెన్‌హోవర్, తర్వాత అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్‌కి తమ్ముడు. వయోమింగ్ గవర్నరు నెల్స్ స్మిత్ అయితే వాళ్ళని మా రాష్ట్రానికి తెస్తే ప్రతి చెట్టుకీ ఒకడు వేలాడతాడు అన్నంత మాట అనేశాడు. పడనివాళ్ళు ఇంట్లో కూర్చుని అనుకున్న మాట కాదది, ఒక రాష్ట్రాధినేత సమావేశంలో అన్న మాట.

అందరిలో రాల్ఫ్ కార్ ఒక్కడే యుద్ధకాలంలో కొలరాడో తన వంతు భారం మోస్తుందన్నాడు, పౌరుల్ని విచారణ లేకుండా బంధించడం రాజ్యాంగానికే తప్పు అని కూడా బాహాటంగా చెప్పాడు. ఫిబ్రవరి చివర్లోనే రేడియోలో ఈ ధోరణిలో మాట్లాడాడు. రూజ్‌వెల్ట్ విధానాలంటే పడని రిపబ్లికన్ ఆయన, న్యూ డీల్‌ని (మాంద్యం రోజుల్లో రూజ్‌వెల్ట్ పెట్టిన పథకాల్ని) తిట్టిన నోటితోనే ఇదీ అన్నాడు. ఈనాటి పార్టీ గీతలతో చూస్తే ఆయన ఎటువైపూ సరిగ్గా ఒదగడు.

ఇక ఆ సమయానికి కింది స్థాయి పార్టీ మనిషి పరిస్థితి ఊహించండి. పైన నాయకుడు ఇలా మాట్లాడుతున్నాడు. కింద రైతులు, దుకాణదారులు ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారు. మధ్యలో ఈయన.

నవంబరు

స్కానింగ్ మొదలైంది. ఉత్తరాలు 400 డిపిఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని), ఫొటోలు 600, చిన్న ప్రింట్లయితే 1200. అసలు ఫైలు టిఫ్‌లో, చూసుకోవడానికి జేపెగ్ కాపీ విడిగా. కార్బన్ కాపీలు ఉల్లిపొర కాగితం మీద ఉన్నాయి, స్కానర్ మూత వేస్తే వెనక పేజీ అక్షరాలు కూడా కనబడుతున్నాయి. వెనక నల్ల కాగితం పెడితే ఆ గొడవ పోయింది. కాగితాలకి గ్లవుజులు అక్కర్లేదు, కడుక్కుని ఆరబెట్టుకున్న చేతులు చాలు, నూలు గ్లవుజులతో అంచు పట్టు తెలియక చింపేస్తాం. ఫొటోలకి మాత్రం నైట్రైల్ గ్లవుజులు తప్పవు, వేలిముద్ర పడిందంటే ఇక అంతే.

టైపు చేసిన ఉత్తరాల్ని కంప్యూటరు బాగానే చదువుతోంది. చేతిరాతవి హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిదికి పంపాను, వాడు ఈ చేతిరాత గుర్తించే సాఫ్ట్‌వేర్లతోనే ఉద్యోగం చేస్తాడు. రెండో రోజుకే ఫోన్ చేశాడు. "బావా, ఇది డాక్టరు చీటీ కంటే ఘోరంగా ఉంది, నువ్వే కళ్ళతో చదువుకో." సరే, రాత్రిళ్ళు నేనే చదువుతున్నాను. గొలుసుకట్టు రాతలో పెద్ద 'టి', పెద్ద 'ఎఫ్' ఒకేలా రాసే పెద్దమనుషులు ఆ కౌంటీలో చాలామంది ఉన్నట్టున్నారు.

తేదీల సంగతి. సగం ఉత్తరాల మీద ఏడాది లేదు. కవరు దొరికితే కొంత నయం. మూడు సెంట్ల ఊదారంగు తపాలా బిళ్ళ మీద రెక్కలు విప్పిన గద్ద, "యుద్ధం గెలవండి" అన్న నినాదం ఉంటే అది 1942 జులై 4 తర్వాతిదే, ఆ బిళ్ళ విడుదలైన రోజు అది. చిరునామాలో డెన్వర్ పక్కన ఒక అంకె ఉంటే 1943 మే తర్వాతిది, పెద్ద నగరాలకి పోస్టల్ జోన్ నంబర్లు అప్పుడే పెట్టారు. అనుభవం ఉన్న గుమాస్తాలందరూ సైన్యంలోకి పోయి, కొత్తవాళ్ళు ఉత్తరాలు విడదీయలేక ఆ నంబర్లు తెచ్చారు.

ఒకటి చూపిస్తాను. ఒక రైతు రాసిన ఉత్తరం, పైన "ఆదివారం, 9" అని మాత్రమే ఉంది. కవరు మీద గద్ద బిళ్ళ. అంటే 1942 జులై తర్వాత. ఆ తర్వాత 9వ తేదీ ఆదివారం పడింది ముందు 1942 ఆగస్టులో, మళ్ళీ 1943 మేలో. ఉత్తరంలో గ్రెనాడా (తరలించినవాళ్ళకి కొలరాడోలో శిబిరం కట్టిన ఊరు) దగ్గర వడ్రంగులందరినీ శిబిరం కట్టడానికి పట్టుకుపోయారు, నా కొట్టం కప్పు వేయడానికి ఒక్కడూ దొరకట్లేదు అని మొత్తుకున్నాడు. ఆ శిబిరానికి మొదటి జట్టు ఆగస్టు 27న వచ్చింది. కాబట్టి 1942 ఆగస్టు 9. ఇది తేలిన రాత్రి మా ఆవిడని నిద్రలేపి మరీ చెప్పాను, ఆమె స్పందన ఇక్కడ రాయను.

నవంబరు, చివరి వారం

ఈ పెట్టెలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తున్న కాగితం ఇదే, అందుకని కాస్త ఎక్కువ రాస్తాను.

"డెన్వర్" కట్టలో గవర్నరుకి రాసిన ఒక ఉత్తరం ఉంది, 1942 మార్చి నాటిది. రెండు రూపాల్లో ఉంది. ఒకటి చిత్తుప్రతి, మామూలు టైపు కాగితం మీద. రెండోది పంపిన ఉత్తరానికి కార్బన్ కాపీ. తుప్పు మరకల్ని బట్టి రెండూ ఒకే క్లిప్పు కింద ఉండేవి. విషయం చాలావరకు చక్కెరదుంపలే. పొలం పనికి మనుషులు లేరు, కుర్రాళ్ళు సైన్యానికి పోయారు, మిగిలినవాళ్ళని ఫ్యాక్టరీలు ఎక్కువ కూలి ఇచ్చి లాగేసుకున్నాయి. కాలిఫోర్నియా నుంచి తెచ్చేవాళ్ళు దుంపలు తవ్వడానికి పనికొస్తారేమో, కానీ యుద్ధం అయ్యాక ఇక్కడే భూములు కొనుక్కుని ఉండిపోతారని జనం భయపడుతున్నారు, దీనికి మీరేమంటారో చెబితే సభలో చెప్పుకుంటాం, ఇదీ సారాంశం.

చిత్తుప్రతిలో చివరి పేరాలో ఒక వాక్యం మీద వరసగా 'ఎక్స్' అక్షరాలు కొట్టేసి ఉన్నాయి. పైనుంచి స్కాన్ చేస్తే నల్లటి పట్టీ తప్ప ఏం లేదు. గది దీపాలు ఆర్పి, టేబుల్ మీద చిన్న టార్చిని కాగితానికి దాదాపు సమాంతరంగా పడుకోబెట్టి, కెమెరాతో పైనుంచి తీశాను. టైపు మిషన్ అక్షరం కాగితంలో చిన్న గుంట చేస్తుంది కదా, పక్క వెలుతురులో ఆ గుంటల నీడలు తేలతాయి. నాలుగు దిక్కుల నుంచీ వెలుగు మార్చి తీసి, ఆ ఫొటోలని ఒకదాని మీద ఒకటి వేసి చూస్తే వాక్యం తేలింది. తన వరకు తాను గవర్నరు చెప్పింది న్యాయమే అనుకుంటున్నానని, కానీ కౌంటీలో ఆ మాట పైకి అనగలిగే స్థితిలో లేనని రాశాడు. రాసి, కొట్టేశాడు. పంపిన ఉత్తరంలో ఆ వాక్యం లేదు. దుంపలున్నాయి, భూముల భయం ఉంది, "మీ విధేయుడు" ఉంది.

కింది స్థాయి రాజకీయం అంతా ఆ 'ఎక్స్'ల వరసలో ఉందనిపించింది నాకు. గవర్నరుకి చేరిన ఉత్తరాల కట్ట ఒక్కటే చూసినవాడికి ఈ మనిషి వ్యతిరేకుల్లో ఒకడిగానే కనబడతాడు. ఆయన లెక్కా తప్పు కాదు, కౌంటీలో ఓట్లు అడగాల్సింది ఆయనే. అయినా కోపం వస్తుంది. గవర్నరుకి ధైర్యం చెప్పే ఉత్తరం ఒక్కటి ఎక్కువ వెళ్ళేది కదా అని.

దీన్ని బయట పెట్టవచ్చా అని పెద్దావిడని అడిగాను. చదివి వినిపించమంది. విని, మా నాన్న ఇంట్లో ఆ గవర్నరు గురించి ఎన్నడూ చెడుగా మాట్లాడలేదు, పెట్టేయ్ అంది. పేరు మాత్రం వద్దంది.

డిసెంబరు

ఫొటోల పెట్టె. పైనే ఒక పొడుగాటి ఫొటో చుట్ట చుట్టి ఉంది. విందులో టేబుళ్ళ దగ్గర కూర్చున్న జనం అంతా ఒకే ఫొటోలో పట్టేలా తీసిన రకం. ఏటా ఫిబ్రవరిలో లింకన్ పుట్టినరోజుకి రిపబ్లికన్ పార్టీ ప్రతి కౌంటీలో విందు చేస్తుంది, ఇదీ అదే, వెనక గోడ మీద లింకన్ బొమ్మ ఉంది. కొలరాడో గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చుట్ట విప్పబోతే అంచు పటుక్కుమంది. వెంటనే వదిలేశాను. పెద్ద ప్లాస్టిక్ డబ్బా అడుగున తడి తువ్వాలు, దాని మీద జల్లెడ గిన్నె, అందులో చుట్ట, పైన మూత. నీటి చుక్క ఫొటోకి తగలకూడదు, తేమ మాత్రం తగలాలి. మర్నాటికి మెత్తబడింది. విప్పి, అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన బరువుకి మా అబ్బాయి ఇంజినీరింగ్ పుస్తకాలు. మొత్తానికి ఆ పుస్తకాలు ఒక పనికి వచ్చాయి.

ఇంకో ఫొటో. కోర్టు భవనం ముందు ఆగిన కారు, పక్కన నలుగురు, బానెట్ మీద ప్రచారం కాగితాలు. వెనక పెన్సిల్‌తో "ఎన్నికలు, 42" అని ఉంది. ఆ ఎన్నికలు నవంబరు 3న. 1200 డిపిఐలో పెద్దది చేసి చూస్తే ముందు అద్దం మూల చిన్న స్టిక్కరు మీద 'ఏ' అక్షరం. అది పెట్రోలు రేషన్ స్టిక్కరు, అందరికన్నా తక్కువ కోటా వాళ్ళది. తూర్పు తీర రాష్ట్రాల్లో ఆ రేషన్ 1942 మేలోనే వచ్చింది, కానీ దేశమంతటా పెట్టింది డిసెంబరు 1న. కొలరాడో కౌంటీలో నవంబరు ఎన్నికల ప్రచారానికి ఆ స్టిక్కరు కనబడే వీల్లేదు. కాబట్టి ఇది 1944 ప్రచారమే అయ్యుండాలి, వెనక రాత ఎవరో తర్వాతెప్పుడో గుర్తుకొచ్చింది రాసి పెట్టినది. కేటలాగులో రెండూ పెడుతున్నాను: రాసి ఉన్న తేదీ, ఫొటోలో కనబడే ఆధారం.

నెగెటివ్‌ల గురించి ఒక్క మాట. అంచున "సేఫ్టీ" అని అచ్చు ఉంటే పర్వాలేదు. లేకపోతే నైట్రేట్ ఫిల్మ్ కావచ్చు, అది అంటుకుంటే నీళ్ళతో ఆరదు, మండడానికి కావలసిన ఆక్సిజన్ దాన్లోనే ఉంటుంది. విడి షీట్లకయితే మూలన ఉండే గాట్లు చూడాలి, కొడాక్ పాత షీట్లలో మొదటి గాటు 'వి' ఆకారంలో ఉంటే నైట్రేట్, 'యు' అయితే సేఫ్టీ. నా దగ్గర అనుమానంగా ఉన్నవి కొన్నే, వాటిని కాగితపు కవర్లలో వేసి, ఇంట్లోంచి తీసి, వాటికి తగిన చల్లటి గది ఉన్నవాళ్ళకి అప్పజెప్పాను. హీటర్ పక్కన ఇన్నాళ్ళు గ్యారేజీలో ఉన్నాయంటే ఒళ్ళు జలదరించింది.

జనవరి

గ్రెనాడా వెళ్ళాం, నేనూ మా ఆవిడా. డెన్వర్ నుంచి నాలుగు గంటల దారి, చివరి గంట అంతా గడ్డి, గాలి. ఊరికి కాస్త అవతల శిబిరం స్థలం. అధికారిక పేరు గ్రెనాడా రీలొకేషన్ సెంటర్, జనం పిలిచేది అమాచీ. అది ఒక షయాన్ తెగ స్త్రీ పేరు, ఆ ప్రాంతపు పశువుల వ్యాపారి జాన్ ప్రోవర్స్ భార్య. పది శిబిరాల్లోకీ చిన్నది, అయినా నిండుగా ఉన్నప్పుడు 7,318 మంది, కొలరాడోలో పదో పెద్ద ఊరు. ఇప్పుడు మిగిలినవి బారకాసుల కాంక్రీటు పునాదులు, శ్మశానం, మళ్ళీ నిలబెట్టిన నీళ్ళ ట్యాంకు, కాపలా బురుజు. 2022లో చట్టం చేసి జాతీయ చారిత్రక స్థలం చేశారు. అంతకుముందు ముప్ఫై ఏళ్ళ పాటు దాన్ని చూసుకున్నది గ్రెనాడా హైస్కూల్ పిల్లలు, వాళ్ళ టీచరు జాన్ హాపర్. గడ్డి కోసి, బోర్డులు పెట్టి, మ్యూజియం నడిపారు.

వెళ్ళడానికి కారణం ఫొటోలు. శిబిరాల్ని నడిపిన వార్ రీలొకేషన్ అథారిటీ తీయించిన ఫొటోలు నేషనల్ ఆర్కైవ్స్‌లో 210వ రికార్డు గ్రూపులో ఉన్నాయి, ప్రభుత్వం తీసినవి కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు. అమాచీవి 1942 డిసెంబరులో టామ్ పార్కర్ తీసినవి చాలా ఉన్నాయి, శిబిరంలోనే పనిచేసిన జో మెక్లెలాండ్ తీసినవీ ఉన్నాయి. నేలంతా తుడిచినట్టు, పిల్లలు నవ్వుతూ, సిల్క్ స్క్రీన్ ప్రెస్సులో నేవీకి పోస్టర్లు అచ్చేస్తూ. అబద్ధం ఫొటోలని అనను, కానీ ఆ సంస్థకి బయటి జనాన్ని నమ్మించాల్సిన అవసరం ఉంది, వీళ్ళు బాగానే ఉన్నారు, మంచివాళ్ళే, మీ ఊళ్ళో పని ఇవ్వండి అని. ఈ కార్యదర్శి గారి పెట్టెలో సరిగ్గా అదే కాలానికి చెందిన ఉత్తరాల్లో జనం అడుగుతున్నదేమో వేరు: వాళ్ళకి మాంసం మనకన్నా ఎక్కువ ఇస్తున్నారట నిజమేనా, మన పన్నులతో వాళ్ళకి హైస్కూలు కడతారట. ఆ హైస్కూలు మీద రాష్ట్రమంతా నిజంగానే గోల జరిగింది, అది కట్టారు గానీ మిగతా బడి భవనాల ప్రణాళిక మానేశారు.

అందుకని కేటలాగులో ఒక కొత్త గడి చేర్చాను. ఫొటోకి ఎదురుగా అదే నెలలో అదే విషయం మీద ఉన్న ఉత్తరం నంబరు. ఫొటో ఒక్కటీ చూస్తే అంతా ప్రశాంతం, ఉత్తరం ఒక్కటీ చదివితే అంతా విషం. రెండూ పక్కపక్కన పెట్టాకే ఆ చలికాలం ఎలా గడిచిందో కాస్త అంతుపట్టింది.

ఫిబ్రవరి

1942 నవంబరులో రాల్ఫ్ కార్ గవర్నరుగా మళ్ళీ నిలబడకుండా కేంద్రంలోని సెనేట్‌కి పోటీ చేసి ఓడిపోయాడు. ఎదుటివాడు డెమొక్రాట్ ఎడ్విన్ జాన్సన్, అందరూ బిగ్ ఎడ్ అనేవారు. 1936లో గవర్నరుగా ఉన్నప్పుడు పని వెతుక్కుంటూ వచ్చే మెక్సికన్ కూలీల్ని ఆపడానికి దక్షిణ సరిహద్దులో నేషనల్ గార్డుని పెట్టినవాడు, జపాన్ మూలాల వాళ్ళ రాకని గట్టిగా వ్యతిరేకించినవాడు. దాదాపు మూడున్నర లక్షల ఓట్లలో తేడా 4,000 లోపే. శిబిరం విషయంలో మాట నిలబెట్టుకున్నందుకే ఓడాడని చాలామంది రాస్తారు. కాదనను. కానీ అంత సన్నటి తేడాలో దుంపలూ తూగుతాయి, టైర్లూ తూగుతాయి, ఒక కౌంటీ కార్యదర్శి పట్టుదలగా తిరిగాడా, ముక్తసరిగా తిరిగాడా అన్నదీ తూగుతుంది. ఈయన అక్టోబరు ఉత్తరాల్లో ప్రచారానికి టైర్లు లేవు, మనుషులు లేరన్న సాకులే ఎక్కువ. వర్ణనలో "ఓటమికి కారణం" అన్న మాట వాడకుండా రాశాను.

తర్వాత గవర్నరైన జాన్ వివియన్ అదే పార్టీ, అంతకుముందు కార్ దగ్గరే లెఫ్టినెంట్ గవర్నరు. ఆయన వచ్చాక గాలి మారింది. జపాన్ జాతీయులు భూమి కొనకూడదన్న చట్టం కోసం 1944 మొదట్లో రాష్ట్ర శాసనసభ ప్రత్యేక సమావేశం పెట్టించాడు. అందులో ప్రతినిధుల సభ సరేనంది, రాష్ట్ర సెనేట్ కొట్టేసింది. అప్పుడు సంతకాలు సేకరించి నవంబరు బ్యాలెట్ మీదికి తెచ్చారు, ఓటర్లు తిరస్కరించారు. చక్కెరదుంపల రైతులున్న ఆ రాష్ట్రంలోనే, యుద్ధం నడుస్తుండగానే.

పెట్టెలో ఆ సంతకాల ఫారం ఒకటి ఉంది. ఖాళీగా. ఒక్క పేరూ లేదు. మా బావమరిదికి ఫొటో పంపితే "అంటే మీ ముసలాయన సంతకాలు సేకరించలేదన్నమాట బావా, మంచోడే!" అన్నాడు. అంత తొందరెందుకు, మిగిలిపోయిన ఫారం కూడా ఖాళీగానే ఉంటుంది. కేటలాగులో "పూరించని ఫారం, ఒక కాగితం, 1944" అని మాత్రమే రాశాను.

హక్కుల సంగతీ తేల్చుకున్నాను. రాల్ఫ్ కార్ 1950 సెప్టెంబరులో పోయాడు, మళ్ళీ గవర్నరు పదవికి పార్టీ అభ్యర్థిగా నిలబడిన సమయంలోనే. రాసినవాడు పోయిన 70 ఏళ్ళకి అచ్చుకాని ఉత్తరాల మీద కాపీరైటు తీరిపోతుంది, కాబట్టి 2021 నుంచి ఆయన రాసిన జవాబులు పెట్టుకోవచ్చు. రైతుల ఉత్తరాలకి ఆ సౌకర్యం లేదు, చాలామంది ఎప్పుడు పోయారో తెలియదు, అవి సారాంశంగానే వెళ్తాయి.

మిగిలిన పని: కార్ పాలనలోని గవర్నరు ఆఫీసు కాగితాలు డెన్వర్‌లో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మార్చి ఉత్తరం అసలు ప్రతి అక్కడ దొరుకుతుందేమో అని అభ్యర్థన పంపాను. దొరికితే చూడాల్సింది రెండే, అందిన తేదీ ముద్ర ఉందా, మార్జిన్‌లో ఎవరైనా ఏమైనా గీశారా. జవాబుగా వచ్చిన ఉత్తరం మాత్రం నా దగ్గరే ఉంది, అర పేజీ, మొత్తం చక్కెరదుంపల గురించే.